పిట్ట కొంచెం, కూత ఘనం

పోయిన ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక కేఫ్‌లో మా బ్యాండ్‌కి ప్రోగ్రామ్ దొరికింది. కాలేజీ గేటు బయట మాకు అదే మొదటి గిగ్. బేస్ గిటార్ వాయించేది నేను. బేస్ అంటే గట్టిగా, గుండెకు తగిలేలా ఉండాలి కదా అని, సౌండ్ అద్దెకిచ్చే షాపులో ఉన్నవాటిలో పెద్ద క్యాబినెట్ ఏదో అదే తీసుకున్నాం. నాలుగు పది అంగుళాల స్పీకర్లున్న పెట్టె అది. మా భాషలో ఫోర్-టెన్ అంటాం. బరువెంతో వాళ్లు చెప్పలేదు, మేం అడగలేదు.

ఆటో ఎక్కించేటప్పుడు డ్రైవర్ అన్న దాన్ని పైనుంచి కిందికి చూశాడు. "ఏంది తమ్మీ, ఫ్రిజ్ కొన్నరా?"

"లేదన్నా, స్పీకర్."

"గింత పెద్దదా? పెండ్లి బరాత్‌కా?"

"కేఫ్‌లో ప్రోగ్రామ్ అన్నా. నలభై మంది వస్తారు."

ఆయన ఇంకేం అనలేదు. నవ్వి మీటర్ మీద యాభై ఎక్కువ అడిగాడు. ఇచ్చేశాం.

కేఫ్ రెండో అంతస్తులో ఉంది. లిఫ్ట్ లేదు. మెట్లు ఎంత ఇరుకంటే ఇద్దరు పక్కపక్కన నడవలేరు. నేనూ మా డ్రమ్మరూ పైనొకరం కిందొకరం పట్టుకుని మోశాం. మలుపు దగ్గర నా వేళ్లు గోడకీ పెట్టెకీ మధ్య పడ్డాయి. పైకి చేరేసరికి చేతులు వణుకుతున్నాయి. మొదటి పాటలో నా వేళ్లు నా మాట వినలేదు. అన్నిటికంటే బాధ ఏంటంటే, సౌండ్ చెక్‌లో వాల్యూమ్ నాబ్ మూడు దాటగానే కేఫ్ ఆయన వచ్చి, "బాబూ, కొంచెం తగ్గించండి, కప్పులు అదురుతున్నాయి" అన్నాడు. అంత మోసింది నాబ్ మూడు దాటకుండా వాయించడానికన్నమాట. తర్వాత మోడల్ నంబర్ పట్టుకుని నెట్‌లో వెతికితే దాని బరువు 45 కిలోలని తేలింది. నిండు గ్యాస్ సిలిండర్లు ఒకటిన్నర.

సాహితీ క్లబ్ పత్రికలో స్పీకర్ పెట్టె గోల ఏంట్రా అంటారేమో. కారణం ఉంది. ఈ ఏడాది మన మ్యూజిక్ క్లబ్ బడ్జెట్‌లో బేస్ క్యాబినెట్‌కి డబ్బు పక్కన పెట్టారు. అది మనందరి ఫీజుల్లోంచి వచ్చిన డబ్బే. గ్రూప్‌లో మెజారిటీ మాట, సెకండ్ హ్యాండ్‌లో ఒక పెద్ద ఫోర్-టెన్ తీసుకుందాం, తక్కువ రేటుకి వస్తోంది, చూడ్డానికి కూడా స్టేజ్ మీద నిండుగా ఉంటుంది అని. నా మాట వేరు. దాని బదులు ఒక్కో పన్నెండు అంగుళాల స్పీకర్ ఉన్న తేలిక క్యాబినెట్లు రెండు కొందాం. ఒకేసారి రెండు కుదరకపోతే ఈ ఏడాది ఒకటి, వచ్చే ఏడాది ఒకటి. ఎందుకో చెప్తాను.

ముందు ఈ ఫ్రిజ్ సంగతి. ఆ ఆటో అన్న తెలియక అన్నాడు గానీ, ప్రపంచమంతా బేసిస్టులు ఆ పెద్ద పెట్టెను ఫ్రిజ్ అనే పిలుస్తారు. 1969లో ఆంపెగ్ కంపెనీ ఎస్‌వీటీ అని 300 వాట్ల ట్యూబ్ ఆంప్లిఫయర్ తెచ్చింది. ఆ ఏడాది రోలింగ్ స్టోన్స్ అమెరికా టూర్‌లో అవే మోగాయి. అప్పట్లో బేస్‌ని మిక్సర్‌లోకి పంపి పెద్ద పీఏ స్పీకర్లలో వినిపించే ఏర్పాటు ఇప్పటిలా లేదు. స్టేజ్ మీద పెట్టె ఎంత మోగితే జనానికి అంత వినిపించేది. అందుకే పెద్ద పెట్టెలు. ఇప్పటికీ అమ్ముతున్న ఆంపెగ్ 8×10 క్యాబినెట్ దాదాపు 63 కిలోలు ఉంటుంది. దాని వెనక మోయడానికి లారీ ఉంది, దించడానికి మనుషులున్నారు. మన వెనక ఎవరున్నారు? డ్రమ్మర్ ఒక్కడు. వాడికి వాడి సామానే వాడికి మోయలేనంత.

అంటే పెద్ద పెట్టె అనేది ఒక కాలంలో ఒక అవసరానికి పుట్టింది. అవసరం మారింది. పెట్టె మీద భక్తి మాత్రం మారలేదు.

ఇక తేలిక పెట్టె అంటే డొల్ల పెట్టె, చవక సరుకు అనే అనుమానం. ఇది మన సిలబస్‌లోనే తీరిపోయే అనుమానం. స్పీకర్ క్యాబినెట్‌లో బరువు ముఖ్యంగా రెండు చోట్ల ఉంటుంది. అయస్కాంతంలో, చెక్కలో.

పాత స్పీకర్లలో ఫెర్రైట్ అయస్కాంతం ఉంటుంది. నల్లగా, గుండ్రంగా, మందంగా, తిరగలి రాయిలా. 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు విడివిడిగా నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపిన అయస్కాంతం కనుక్కున్నారు. ఒకే పరిమాణంలో ఫెర్రైట్ కంటే దాదాపు పది రెట్లు శక్తి దాచుకోగలదు. అంటే వాయిస్ కాయిల్ చుట్టూ అంతే అయస్కాంత క్షేత్రం కావాలంటే చాలా చిన్న ముక్క చాలు. చుట్టూ ఉండే ఉక్కు కూడా తగ్గుతుంది. ఒక్క స్పీకర్ దగ్గరే కిలోలకు కిలోలు ఆదా. నాలుగు స్పీకర్లుంటే నాలుగింతలు.

చెక్క సంగతి ఎస్‌ఓఎమ్ క్లాసులో నిద్రపోని వాళ్లకి తెలుసు. పలక వంగకుండా నిలబడే గుణం దాని మందం ఘనం లెక్కన పెరుగుతుంది. 12 ఎంఎం పలక బదులు 18 ఎంఎం వేస్తే బిగువు సుమారు 3.4 రెట్లు పెరుగుతుంది, బరువు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. పాత పద్ధతి ఇదే: అదురుతోందా, ఇంకా మందం చెక్క వెయ్యి. ఇంకో దారి ఉంది. పలక పల్చగానే ఉంచి మధ్యలో ఒక అడ్డపట్టీ కొట్టు. బీమ్ లెక్కలో స్పాన్ సగమైతే అదే లోడ్‌కి వంగడం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పట్టీ బరువు ఎంత? గుప్పెడు. మంచి తేలిక క్యాబినెట్లు చేసేవాళ్లు పల్చటి ప్లైవుడ్ తీసుకుని లోపల పట్టీలు వేస్తారు. అది చవక పని కాదు, ఆలోచించి చేసిన పని. ఇంగ్లండ్‌లో బేర్‌ఫేస్డ్, ఇటలీలో మార్క్‌బేస్ లాంటి కంపెనీలు ఈ తేలిక దారిలోనే పేరు తెచ్చుకున్నాయి.

ఉదాహరణకి అగ్విలార్ కంపెనీ ఎస్‌ఎల్ 112 అనే క్యాబినెట్. ఒక పన్నెండు అంగుళాల స్పీకర్, 8 ఓమ్స్, 250 వాట్లు. బరువు సుమారు 11 కిలోలు. హాస్టల్‌లో మనం మోసే 20 లీటర్ల వాటర్ క్యాన్‌లో సగం కంటే కొంచెం ఎక్కువ. రెండు కలిపినా నేను ఆ రోజు మోసిన దాంట్లో సగం. పైగా చెరో చేతిలో ఒకటి పట్టుకోవచ్చు, లేదా రెండు ట్రిప్పులు వేయొచ్చు. నలభై అయిదు కిలోల పెట్టెను రెండు ట్రిప్పులుగా మోయలేం కదా.

ఇంతవరకు చదివి తేలికదేదైనా పర్లేదు అనుకోకండి. ఫిజిక్స్ ఉచితంగా ఏదీ ఇవ్వదు. కేఎల్‌హెచ్ అనే పాత స్పీకర్ కంపెనీ పేరులో హెచ్ అంటే హాఫ్‌మన్. ఆయన చెప్పిన సూత్రాన్ని స్పీకర్ల లోకంలో ఉక్కు నియమం అంటారు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుకి ఎక్కువ శబ్దం, ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి. మూడోది వదులుకోవాలి. కంపెనీ వాళ్లు మూడూ ఇస్తున్నామని బ్రోషర్‌లో రాస్తే, అందులో ఒకటి అబద్ధం.

కాబట్టి తేలిక క్యాబినెట్ కొనేటప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఇది దేన్ని వదులుకుంది, అది మనకు అవసరమా అని. బేస్ గిటార్‌లో లావు తీగ, ఓపెన్ ఇ స్వరం 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. చిన్న క్యాబినెట్లు చాలావరకు ఆ లోతుకి వచ్చేసరికి నీరసపడతాయి. అయినా మనకి ఇ స్వరం ఇ లాగే వినిపిస్తుంది. ఎందుకంటే దాని రెండో హార్మోనిక్ 82 హెర్ట్జ్ దగ్గర బలంగా ఉంటుంది, ఆ పైవాటిని పట్టుకుని మిగతాది మెదడే పూరిస్తుంది. నలభై మంది ఉన్న కేఫ్‌కి ఇది చాలు. క్లాస్ రూమ్‌కి చాలు. అయిదు తీగల బేస్‌లో కింది బి స్వరం 31 హెర్ట్జ్. దాన్ని చిన్న పోర్టెడ్ పెట్టెలోకి గట్టిగా తోస్తే కోన్ పట్టు లేకుండా ఊగుతుంది, శబ్దం రాదు, స్పీకర్ పాడవుతుంది. దానికి విరుగుడు 35, 40 హెర్ట్జ్ కిందిది కత్తిరించే హై-పాస్ ఫిల్టర్. కొన్ని ఆంప్‌లలో లోపలే ఉంటుంది. లేకపోతే ఒక చిన్న పెడల్.

కొనేటప్పుడు అందరూ మొదట చూసే అంకె వాట్లు. నా ఉద్దేశంలో చివర చూడాల్సింది అదే. క్యాబినెట్ మీద రాసిన వాట్లు ఆ స్పీకర్ కాలిపోకుండా ఎంత తట్టుకుంటుందో చెప్తాయి. ఎంత గట్టిగా మోగుతుందో చెప్పవు. అది చెప్పేది సెన్సిటివిటీ, అంటే ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ వస్తాయన్నది. ఒక క్యాబినెట్ 94, ఇంకోటి 97 అనుకోండి. తేడా మూడే కదా అనిపిస్తుంది. కానీ 3 డెసిబెల్స్ అంటే పవర్ రెట్టింపు. 94 ఉన్నదానికి 500 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం, 97 ఉన్నదానికి 250 వాట్లకే వస్తుంది. లెక్క వేసుకుని చూడండి, రెండూ 121. తేలిక క్యాబినెట్ ఎంచుకుంటూ సెన్సిటివిటీ చూడకపోతే, పెట్టెలో తగ్గించిన బరువు ఆంప్‌లో మళ్లీ మోయాల్సి వస్తుంది.

అదృష్టం ఏంటంటే ఆంప్ బరువు సమస్య ముందే తీరిపోయింది. క్లాస్-డి స్విచింగ్ వచ్చాక 500 వాట్ల బేస్ హెడ్ రెండు మూడు కిలోల్లో వస్తోంది. లాప్‌టాప్ బ్యాగ్‌లో పడుతుంది. పాత ఎస్‌వీటీ హెడ్ ఒక్కటే 35 కిలోల పైన. ఆంప్ ఇంత తగ్గాక కూడా పెట్టె దగ్గర మాత్రం 1969లోనే ఉంటామనడం నాకు అర్థం కాదు.

ఇక ఒకటి కాదు, రెండు చిన్నవే ఎందుకు? మొదటిది ఓమ్స్ లెక్క. క్లాస్-డి హెడ్‌లు చాలావరకు 4 ఓమ్స్ వరకు దిగనిస్తాయి. రెండు 8 ఓమ్స్ క్యాబినెట్లు ప్యారలల్‌గా కలిపితే సరిగ్గా 4. కాబట్టి కొనేది 8 ఓమ్స్‌దే అయ్యుండాలి. మొదటిది 4 ఓమ్స్‌ది కొంటే రెండోది కలపడానికి దారి మూసుకుపోతుంది. చిన్న చోటికి ఒకటి పట్టుకెళ్తాం. ఓపెన్ ఎయిర్ థియేటర్‌కి రెండూ. ఒకేలాంటివి రెండు కలిస్తే, వాల్యూమ్ నాబ్ కదపకుండానే కింది స్వరాల్లో సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతాయి. కలిపేది మాత్రం స్పీకర్ కేబుల్‌తోనే. గిటార్ కేబుల్ పెట్టి వైరు వేడెక్కించిన ఘనత మా బ్యాచ్‌కే ఉంది, మళ్లీ వద్దు.

రెండోది, మన చెవులు మోకాళ్ల దగ్గర లేవు. స్టేజ్ మీద ఒక్క పొట్టి పెట్టె పెట్టుకుని, వినపడట్లేదని వాల్యూమ్ పెంచుకుంటూ పోతాం. ముందు వరసలో వాళ్లు చెవులు మూసుకుంటారు. రెండు చిన్నవి ఒకదానిపై ఒకటి పెడితే పైది చెవి వైపు వస్తుంది. పక్కపక్కన కాదు, ఒకదానిపై ఒకటి. ఒక్కటే ఉన్న రోజు కుర్చీ మీద పెట్టి గోడకు దగ్గరగా జరపండి. గోడ కింది స్వరాలకు సాయం చేస్తుంది, పైసా ఖర్చు లేదు.

మూడోది, ఒకే రోజు రెండు బ్యాండ్లకి రెండు చోట్ల ప్రాక్టీస్ ఉంటే చెరొకటి తీసుకెళ్లొచ్చు. ఒకటి రిపేర్‌కి వెళ్లినా ప్రోగ్రామ్ ఆగదు.

గ్రూప్‌లో వచ్చిన అభ్యంతరాలకి కూడా జవాబు చెప్పాలి. "అసలు క్యాబినెట్ ఎందుకు? డీఐ బాక్స్ పెట్టి మిక్సర్‌లోకి ఇచ్చేస్తే చాలు కదా" అని ఒక సీనియర్ అన్నాడు. ఫెస్ట్ మెయిన్ స్టేజ్ అయితే ఆయన మాటే కరెక్ట్. అక్కడ జనం వినేది సౌండ్ సిస్టమ్ వాళ్ల పెద్ద సబ్స్‌లో. కానీ ఆ వాదన ముగిసేది నా వైపే. మెయిన్ స్టేజ్ మీద మన క్యాబినెట్ పని మనకీ డ్రమ్మర్‌కీ వినిపించడం ఒక్కటే అయినప్పుడు, దానికి 45 కిలోలు ఎందుకు? సిస్టమ్ లేని చోట, అంటే హాస్టల్ వెనక గ్రౌండ్‌లో, ప్రాక్టీస్ రూమ్‌లో, కేఫ్‌లో మాత్రం పెట్టె కావాలి. ఆ చోట్లన్నీ మనం మోసుకెళ్లే చోట్లే.

"నియోడిమియంవి రేటు ఎక్కువ" అన్నది రెండో మాట. నిజమే. దాని ధర మన చేతుల్లో లేదు కూడా. ఈ లోహాలు ఎక్కువగా చైనా నుంచే వస్తాయి, అక్కడ ఎగుమతులు బిగించినప్పుడు 2011లో ధరలు ఎగిరి కూర్చున్నాయి. కానీ రేటు లెక్కలో అద్దె ఆటో కూడా కలపండి. కారు డిక్కీలో పట్టనిదానికి ప్రతిసారీ ట్రాలీ ఆటో మాట్లాడాలి. సెకండ్ హ్యాండ్ పెద్ద పెట్టె చవగ్గా వస్తోందంటే ఎందుకో ఆలోచించండి. అమ్మేవాళ్లూ మోయలేకే అమ్ముతున్నారు. డబ్బు మరీ చాలకపోతే ఆంప్, స్పీకర్ కలిసే ఉన్న తేలిక కాంబో ఇంకో దారి. ఫెండర్ రంబుల్ 500లో రెండు పది అంగుళాల స్పీకర్లున్నాయి, ఆంప్‌తో కలిపి దాదాపు 16.5 కిలోలు. ఒక్క చేత్తో మెట్లెక్కొచ్చు.

మూడోది, పెద్ద పెట్టె ముందు నిలబడితే వచ్చే ఫీల్. దీన్ని నేను కాదనను. ప్యాంటు అంచులు కదిలేంత గాలి కొడుతుంది, ఆ ఆనందం వేరు. ఎప్పటికీ కదలని స్టూడియో గదిలో పెట్టుకునేదైతే నేనూ పెద్దదానికే ఓటేస్తాను. మన క్లబ్ రూమ్ మూడో అంతస్తులో ఉంది. ప్రోగ్రామ్‌లన్నీ కింద.

చివరిగా ఒక సంగతి. నిజానికి ఇది రాయడానికి కారణం నా నడుము కాదు. మా జూనియర్ ఒకమ్మాయి ఉంది. నాకంటే బాగా వాయిస్తుంది, టైమింగ్‌లో నేను దాని దరిదాపుల్లో లేను. ఫ్రెషర్స్ డే తర్వాత బేస్ వదిలేసి కీబోర్డ్‌కి మారిపోయింది. ఎందుకమ్మా అని అడిగితే, "ప్రతిసారీ పెట్టె ఎత్తడానికి ఇద్దరు ముగ్గురిని బతిమాలాలన్నా. వాళ్లు ఫ్రీగా ఉంటేనే నాకు ప్రాక్టీస్. విసుగొచ్చింది" అంది. అప్పటిదాకా నేను బరువుని సౌకర్యం సంగతిగానే చూశాను. ఆ మాటతో అర్థమైంది, మన క్లబ్‌లో బేస్ ఎవరు వాయించాలో సంగీతం కాదు, పెట్టె బరువు తేలుస్తోందని. ఆ అమ్మాయే కాదు. సన్నగా ఉన్నవాళ్లు, నడుం నొప్పి ఉన్నవాళ్లు, బస్సులో వచ్చే డే స్కాలర్లు, అందరికీ ఆ పెట్టె ఒక గేటు. మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు అంటారు. మన దగ్గర మోయలేనివాళ్లు చెప్పకుండానే వెళ్లిపోతున్నారు.

వచ్చే వారం ఓటింగ్. పెద్ద పెట్టెకి ఓటేసే వాళ్లని నేను అడిగేది ఒక్కటే. హాస్టల్ మెస్ దగ్గర నిండు వాటర్ క్యాన్లు రెండు తీసుకోండి. చెరో చేతిలో పట్టుకుని క్లబ్ రూమ్ దాకా మూడంతస్తులు ఎక్కండి. పైకెళ్లగానే, ఊపిరి తీసుకోకుండా, బేస్ మెడలో వేసుకుని ఒక పాట వాయించండి. ఆ తర్వాత మీకు ఏది నచ్చితే దానికే ఓటేయండి.